దేవతాకార్యము – రాజానుమతి



ఈ మహాకుంభాభిషేక శుభవేళ విమానముపై నూతన కలశమును దర్శించినవారు పలువురు “స్వామీ, ఇంతకాలమేల పట్టినది?” అని అడుగుచున్నారు. శిల్పుల పని 11 మాసములలో ముగిసినది. అనుమతికై వేచిన కాలము 4 సంవత్సరములు. ఈ విషయమును పూర్వచరిత్రతో కలిపి విన్నవించుట నా విధియని తలంచితిని.

కౌటిల్యుని అర్థశాస్త్రము ప్రథమాధికరణమున రాజు దినచర్య చెప్పబడినది. పనిపై వచ్చినవారిని ద్వారముకడ నిలిపియుంచరాదనియు, తొందరగల కార్యమును వాయిదా వేసినచో అది కష్టసాధ్యమో అసాధ్యమో అగుననియు అచట విధింపబడినది. రాజు స్వయముగా చూడవలసిన కార్యముల వరుసలో దేవతాకార్యమే మొదటిది. శ్రోత్రియులు, బాలురు, వృద్ధులు, రోగులు, అనాథలు ఆ వరుసలోనే తరువాత వచ్చుచున్నారు.

ఇటీవలి చరిత్ర చూతము. 1817లో మద్రాసు ప్రభుత్వము 7వ రెగ్యులేషను ద్వారా ఆలయముల, సత్రముల ఆస్తుల పర్యవేక్షణను రెవెన్యూ బోర్డుకు అప్పగించినది. క్రైస్తవ మిషనరీల ఆక్షేపణతో కంపెనీవారు 1840 ప్రాంతముల నుండి ఆ బాధ్యతను విడిచిరి. తిరుమల ఆలయ నిర్వహణ 1843లో హాథీరాంజీ మఠ మహంతుల వశమైనది. అడుగువారు లేని ఆ దినములలో అనేక ఆలయముల మాన్యములు అన్యాక్రాంతములైనవి. 1863 చట్టము స్థానిక సంఘములను ఏర్పరచినను లోపములు తీరలేదు. అందుచేతనే 1927లో మద్రాసు హిందూ మత ధర్మాదాయ చట్టము, పిదప 1951, 1966, 1987 సంవత్సరముల చట్టములు వచ్చినవి. కావున అనుమతి కోరుమనుట అన్యాయము కాదు. దేవుని సొమ్మునకు లెక్క యుండవలసినదే.

అయినను కాపాడుటకై పుట్టిన నియమము కాలము మించినచో తానే హానికారణ మగును. మన విమానము బీటలు వారగా అర్జీ పెట్టితిమి. స్థపతి అభిప్రాయము, అంచనా, సాంకేతిక మంజూరు, పరిపాలనా మంజూరు అని కాగితము బల్ల నుండి బల్లకు సాగినది. ఇంతలో ధరల పట్టిక మారుటచే అంచనా సవరింపబడి మరల మొదటి బల్లకే చేరినది. వలదన్నవారు లేరు, సరేయన్నవారును లేరు. పని ఎన్నడు మొదలగునో తెలియక కళాకర్షణ చేసి స్వామిని బాలాలయమున నిలుపుట ఆగమసమ్మతము కాదు. అందుచే నాలుగు వర్షాకాలములు అంతరాలయమున గంగాళము లుంచి కారు నీటిని పట్టుచు నిత్యార్చన సాగించితిమి. మంత్రపుష్పము చెప్పుచుండగా ఆ చినుకుల చప్పుడు నా చెవిని ఇంకను వీడలేదు.

కలశమునకై ప్రథమ విరాళమిచ్చిన ఒక వృద్ధమాత ప్రతి ఏకాదశికి వచ్చి “అనుమతి వచ్చినదా నాయనా?” అని అడిగెడిది. మూడవ సంవత్సరమున ఆమె పరమపదించినది. ఆజ్ఞాపత్రము ఆ మరుసటి ఏడు వచ్చినది. కలశప్రతిష్ఠనాడు ఆమె గోత్రనామములతోనే మొదటి సంకల్పము చెప్పితిని. ఆలస్యమునకు మూల్య మెవరు చెల్లింతురో ఆనాడు నాకు తెలిసినది.

రాబోవు ధర్మకర్తలకు ఒక మనవి. అర్జీ ప్రతిని, అందినట్లు రసీదును, ప్రతి జాబును తేదీలతో భద్రపరచుడు. 2005 నాటి సమాచార హక్కు చట్టము ప్రకారము కాగితము ఏ దశలో నున్నదో అడిగినచో సాధారణముగా 30 దినములలో సమాధానము రావలెను. మేమును ఆ మార్గముననే మా అర్జీ ఆగిన చోటు తెలిసికొంటిమి.

అధికారులును మన బిడ్డలే, భక్తులే. తమ బల్లపై నున్న కాగితము వెనుక ఒక దేవుడును, ఒక ముసలితల్లియు వేచియున్నారని వారు తలంచుదురు గాక. దాతలందరికి స్వామి ఆయురారోగ్యైశ్వర్యముల ననుగ్రహించు గాక.

శుభం భూయాత్.