ఉపగ్రహ దౌత్యంలో శ్రీహరికోట

ఉపగ్రహాన్ని తయారుచేసి సొంత రాకెట్‌తో కక్ష్యలో పెట్టగల దేశాలు కొన్నే. ఆ శక్తి ఫలాన్ని ఇతర దేశాలకు పంచి చెలిమి పెంచుకోవడమే అంతరిక్ష దౌత్యం. భారత్ దీన్ని మొదట పుచ్చుకునే వైపు నుంచి చవిచూసింది. 1969లో నాసాతో కుదిరిన ఒప్పందం ప్రకారం అమెరికా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని 1975 ఆగస్టు 1 నుంచి ఏడాదిపాటు వాడుకోనిచ్చింది. ‘సైట్’ అనే ఆ ప్రయోగానికి ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. కోళ్ల గూళ్లకు వాడే ఇనుప వలతో చేసిన మూడు మీటర్ల యాంటెన్నా, ఊరంతటికీ ఒకే టీవీ. సాగు, ఆరోగ్యం, చదువుల మీద తెలుగు కార్యక్రమాలు అలా పల్లెలకు చేరాయి. అదే ఏడాది ఏప్రిల్ 19న తొలి భారత ఉపగ్రహం ఆర్యభట్ట సోవియట్ గడ్డ నుంచి సోవియట్ రాకెట్ మీద వెళ్లింది. ప్రచ్ఛన్న యుద్ధకాలంలో ఇద్దరి సాయమూ పొందడం చిన్న నేర్పు కాదు.

ఇచ్చే వంతు శ్రీహరికోట నుంచి వచ్చింది. 1971 అక్టోబరు 9న చిన్న రోహిణి రాకెట్‌తో మొదలైన ఆ కేంద్రం నుంచి 1999 మే 26న పీఎస్‌ఎల్‌వీ-సీ2 కొరియా, జర్మనీ ఉపగ్రహాలను మోసుకెళ్లింది. అయితే అది వ్యాపారం. ఉచిత కానుక తరువాత వచ్చింది. 2014 జూన్ 30న అక్కడ ఒక ప్రయోగాన్ని చూసిన ప్రధాని మోదీ, సార్క్ దేశాల కోసం ఉపగ్రహం చేయమని శాస్త్రవేత్తలను కోరారు. పాకిస్తాన్ కలిసిరాలేదు. నేలమీది తగవు కక్ష్యదాకా పాకడం విచారకరం. ‘దక్షిణాసియా ఉపగ్రహం’గా పేరు మారిన జీశాట్-9, 2,230 కిలోల బరువుతో, 12 కేయూ బ్యాండ్ ట్రాన్స్‌పాండర్లతో 2017 మే 5న నింగికెగసింది. అఫ్గానిస్తాన్, బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, నేపాల్, శ్రీలంక నేతలు ఆ రోజే వీడియోలో మోదీతో కలిసి మాట్లాడారు. 2022 నవంబరు 26న వెళ్లిన భారత్-భూటాన్ ఉపగ్రహం కోసం భూటాన్ ఇంజినీర్లు బెంగళూరులో శిక్షణ పొందారు. కానుక కన్నా నేర్పిన విద్యే ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఈ దౌత్యంలో అందరికీ అక్కరకొచ్చేది తుపాను హెచ్చరిక. 1996 నవంబరు 6 నాటి తుపాను అమలాపురం, రాజోలు ప్రాంతాల కొబ్బరి తోటలను నేలకూల్చింది. వెయ్యికి పైగా ప్రాణాలు తీసింది. కోనసీమను ముంచే బంగాళాఖాతమే బంగ్లాదేశ్, మయన్మార్, శ్రీలంకలనూ వణికిస్తుంది. ఢిల్లీలోని ప్రాంతీయ తుపాను కేంద్రం ఆ దేశాలకూ సూచనలు పంపుతుంది. ఆ సూచనలకు ఆధారమిచ్చే ఇన్‌శాట్-3డీఆర్ 2016లో, ఇన్‌శాట్-3డీఎస్ 2024లో శ్రీహరికోట నుంచే వెళ్లాయి.