జిరోండ్ మొగ – పెర్త్వీ సముద్ర ప్రకృతి పార్కు

ఫ్రాన్స్ పశ్చిమ తీరంలో, అట్లాంటిక్ ఒడ్డున ఉన్న రక్షిత సముద్ర ప్రాంతం ఇది. జిరోండ్ నదీముఖాన్నీ, దానికి ఉత్తరాన దీవుల మధ్య పరుచుకున్న పెర్త్వీ సముద్రాన్నీ ఒకే పరిధిలోకి తెస్తూ 2015 ఏప్రిల్ 15న ఫ్రెంచి ప్రభుత్వం డిక్రీ జారీ చేసింది. విస్తీర్ణం సుమారు 6,500 చదరపు కిలోమీటర్లు. తూర్పున వాందే, షరాంత్-మారితీమ్, జిరోండ్ జిల్లాల తీరం, పడమర దాదాపు 50 మీటర్ల లోతు దాకా సముద్రం దీని ఎల్లలు. కార్యాలయం మరెన్ పట్టణంలో ఉంది.

పార్కు అనగానే కంచె, టికెట్టు, అటవీశాఖ బోర్డు గుర్తొస్తే ఇక్కడ అవేవీ కనిపించవు. ఈ నీళ్లలో వలలు పడతాయి, ఆయిస్టర్లు పెరుగుతాయి, బోర్డో, లా రోషెల్ రేవులకు ఓడలు వస్తూ పోతూ ఉంటాయి. మొగ ఒడ్డునే బ్లాయే అణు విద్యుత్ కేంద్రం నాలుగు రియాక్టర్లతో నడుస్తోంది, చల్లబరచడానికి ఈ నీటినే తోడుకుంటుంది. ఇంత సంతలో ప్రకృతిని కాపాడటం ఎలా అన్నదే ఈ పార్కు పెట్టుకున్న పని. దీనికి ఆధారం 2006 ఏప్రిల్ 14 నాటి చట్టం. దాని కింద 2007లో బ్రిటనీ తీరాన ఇర్వాజ్ పార్కు మొదట వచ్చింది. జిరోండ్–పెర్త్వీ ఆ వరసలో ఏడోది.

నీరు, బురద

గారోన్, డోర్డోన్ నదులు బోర్డో నగరానికి దిగువన బెక్ దాంబెస్ దగ్గర కలుస్తాయి. ఆ కలయిక నుంచి సముద్రం దాకా సాగే 75 కిలోమీటర్ల పాయకే జిరోండ్ అని పేరు. పశ్చిమ యూరప్‌లో ఇంతకు మించిన నదీముఖం లేదు. సముద్రం దగ్గరపడే కొద్దీ విచ్చుకుంటూ, కొన్ని చోట్ల 12 కిలోమీటర్ల వెడల్పుకు చేరుతుంది. ఎడమ ఒడ్డున మెదోక్ ద్రాక్షతోటలు. వాటి వైన్ ఎంత తేటగా ఉంటుందో, పక్కనున్న నీరు అంత మడ్డిగా ఉంటుంది.

మడ్డికి కారణం పోటూ ప్రవాహమూ ఒకదాన్నొకటి నెట్టుకోవడం. నది తెచ్చిన సన్నటి ఒండ్రు సముద్రంలోకి జారిపోయే లోపు పోటు దాన్ని వెనక్కి తోస్తుంది. అలా ముందుకూ వెనక్కీ ఊగుతూ ఒండ్రు నీటిలోనే వేలాడుతూ ఉండిపోతుంది. ఈ చిక్కటి నీటి మండలాన్ని ఫ్రెంచివాళ్లు బురద బిరడా అంటారు. వైన్ సీసాల సీమలో ఆ మాట పుట్టడంలో వింత లేదు. వరద కాలంలో ఈ బిరడా సముద్రం వైపు దిగుతుంది, వేసవిలో నది నీరు తగ్గితే బోర్డో దాకా, అంతకంటే పైకీ ఎగబాకుతుంది. ఎండాకాలం ఆ నీటిలో ప్రాణవాయువు పడిపోయి, నది ఎక్కవలసిన చేపలకు ఊపిరాడని అడ్డుగోడ అవుతుంది. పెద్ద పోట్ల రోజుల్లో మాత్రం ఇదే నీరు గోడలా లేచి గారోన్, డోర్డోన్ నదుల్లో ఎదురెక్కుతుంది. ఆ కెరటం మీద సర్ఫింగ్ చేయడానికి జనం పలకలు పట్టుకుని ఒడ్డున కాచుకుని ఉంటారు.

పెర్త్వీ అంటే సందు, దారి. రే దీవికీ వాందే తీరానికీ మధ్య బ్రెతోన్, రే–ఒలెరాన్ దీవుల మధ్య ఆంతియోష్, ఒలెరాన్ దక్షిణ కొసన మొమ్యుసోన్ అనే మూడు జలసంధులకు ఈ పేరుంది. లే, సెవ్ర్ నియోర్తేజ్, షరాంత్, సూద్ర్ నదులు ఈ సముద్రంలోకి మంచినీళ్లు దింపుతాయి. పోటుకూ పాటుకూ తేడా కొన్ని రోజుల్లో ఆరు మీటర్ల దాకా ఉంటుంది. పాటు తీస్తే మైళ్ల కొద్దీ బురద బయటపడుతుంది, మదామ్ దీవికి జనం నడిచే వెళ్లి వస్తారు. బ్రువాజ్ ఊరి కథ వింటే ఈ బురద బలం తెలుస్తుంది. ఒకప్పుడు ఉప్పు ఎగుమతికి యూరప్‌లో పేరుమోసిన రేవు అది. ఒండ్రు పూడ్చి పూడ్చి దాన్ని సముద్రానికి దూరం చేసింది. ఇప్పుడు ఆ కోటగోడల చుట్టూ చిత్తడి పచ్చికబయళ్లే కనిపిస్తాయి.

చూసేవాళ్లకు పనికిరానిదిగా కనిపించే ఈ బురదే పక్షులకు అన్నం కుండ. ఆర్కిటిక్ నుంచి ఆఫ్రికా దాకా సాగే వలస దారిలో ఎగ్వియోన్ అఖాతం, మోయెజ్–ఒలెరాన్ బయళ్లు పెద్ద మజిలీలు. సైబీరియా టండ్రా నుంచి వచ్చే బ్రెంట్ బాతులు ఇక్కడి సముద్రపు గడ్డి మేసి చలికాలం గడుపుతాయి.

ఆయిస్టర్ మడులు

ఈ తీరానికి తిండి పెట్టేదీ పేరు తెచ్చేదీ ఆయిస్టర్. ఇది ఆల్చిప్పల కోవకు చెందినదే అయినా ముత్యం కోసం కాదు, పచ్చిగా నిమ్మరసం పిండుకుని తినడానికి పెంచుతారు. మరెన్–ఒలెరాన్ ప్రాంతం యూరప్‌లోని పెద్ద ఆయిస్టర్ కేంద్రాల్లో ఒకటి. సముద్రంలో పెరిగిన ఆయిస్టర్లను అమ్మే ముందు క్లేర్ అనే లోతు తక్కువ బంకమట్టి మడుల్లో కొన్ని వారాలో నెలలో ఉంచుతారు. వీటిలో చాలావరకు పాత ఉప్పుమడులే. ఉప్పు వ్యాపారం దెబ్బతిన్నాక రైతులు వాటిని పాడుపెట్టకుండా ఇలా మలుచుకున్నారు. మడిలో హాస్లియా అనే సూక్ష్మ శైవలం పెరిగి మరెనిన్ అనే నీలి రంగును వదులుతుంది. అది ఆయిస్టర్ మొప్పలకు పట్టి ఆకుపచ్చగా కనిపిస్తుంది. తెలియనివాళ్లు పాడైందనుకుని పారేసే ఆ పచ్చదనానికే ఇక్కడ ఎక్కువ ధర.

ఇంత స్థానికంగా కనిపించే ఈ ఆయిస్టర్ స్థానికం కాదు. ఈ తీరానికి మొదట ఉన్నది చదును ఆయిస్టర్. 1868లో పోర్చుగల్ నుంచి సరుకు తెస్తున్న మోర్లేజియాఁ అనే ఓడ తుపానుకు జిరోండ్‌లో తలదాచుకుంది. సరుకు చెడిందని భావించి ఆయిస్టర్లను మొగలో పారబోశారు. అన్నీ చావలేదు. బతికినవి తీరమంతా అల్లుకుని, వందేళ్లు రాజ్యమేలాయి. 1970 ప్రాంతంలో వైరస్ వాటిని తుడిచిపెట్టింది. అప్పుడు జపాన్, కెనడాల నుంచి పసిఫిక్ ఆయిస్టర్ తెచ్చి వదిలారు. ఈనాడు పళ్లెంలో ఉండేది అదే. పోర్చుగీసు ఆయిస్టర్ కూడా అసలు ఆసియా నుంచే వెళ్లిందని తర్వాత జన్యు పరిశోధనల్లో తేలింది. అంటే ఒక ఆసియా అతిథి పోతే మరో ఆసియా అతిథి ఆ పీట మీద కూర్చుంది. 2008 నుంచి హెర్పిస్ జాతి వైరస్ దాని పిల్లలనూ చంపుతోంది.

ఎగ్వియోన్ అఖాతంలో కర్రలు పాతి వాటి మీద మస్సెల్స్ పెంచుతారు. 13వ శతాబ్దంలో ఓడ పగిలి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఒక ఐర్లండ్ మనిషి ఈ పద్ధతి కనిపెట్టాడని చెప్పుకుంటారు. కథ మాట ఎలా ఉన్నా కర్రల వరసలు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి. మొగ ఒడ్డున కాళ్ల గుడిసెల నుంచి చతురస్రాకారపు వలను దించి లేపుతూ చేపలు పడతారు. కొచ్చిలో చీనా వలలు చూసినవారికి ఇవి కొత్తగా అనిపించవు.

కట్టడాలు

మొగ ముందు, సముద్రంలోని ఒక రాతి తిన్నె మీద కోర్దువాన్ లైట్‌హౌస్ నిలబడి ఉంది. 1611లో పూర్తయిన ఈ స్తంభం ఫ్రాన్స్‌లో ఇంకా వెలుగుతున్నవాటిలో పాతది. కాంతిని దూరం పంపే ఫ్రెనెల్ కటకాన్ని 1823లో మొదట బిగించింది ఇక్కడే. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. ఎక్స్ దీవికీ ఒలెరాన్‌కూ మధ్య నీళ్లలో కట్టిన బోయార్ కోట సంగతి వేరు. నెపోలియన్ కాలంలో మొదలై 1857లో పూర్తయ్యేసరికి ఫిరంగుల గురి దూరం పెరిగిపోయి కోటకు పనే లేకుండా పోయింది. 1990 నుంచి అదే పేరుతో వస్తున్న టీవీ ఆటల పోటీ దానికి రక్షణశాఖ ఇవ్వలేని ఖ్యాతిని తెచ్చిపెట్టింది.

పాలన

పార్కును నిర్వహించే పాలకమండలిలో 70 మంది సభ్యులు. స్థానిక సంస్థల ప్రతినిధులు, మత్స్యకారులు, ఆయిస్టర్ రైతులు, రేవుల వాళ్లు, పడవ విహారాల సంఘాలు, పర్యావరణ సంఘాలు, ప్రభుత్వాధికారులు ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. 15 ఏళ్ల నిర్వహణ ప్రణాళికను 2018లో ఆమోదించారు. సిబ్బంది, నిధులు 2020 నుంచి ఫ్రెంచి జీవవైవిధ్య కార్యాలయం ద్వారా అందుతున్నాయి.

మండలి చేతిలో ఉన్న అసలు ఆయుధం ఒకటే. సముద్ర పర్యావరణాన్ని గణనీయంగా మార్చగల పనికి అనుమతి ఇవ్వాలంటే దాని సమ్మతి తప్పనిసరి. సలహా కాదు, సమ్మతి. రేవు తవ్వకాలు, ఇసుక తీత, తవ్విన బురదను ఎక్కడ పోయాలన్న తగవు, అన్నీ ఈ బల్ల మీదికి వస్తాయి. ఒలెరాన్ ఎదుట గాలిమరల విద్యుత్ కేంద్రం కట్టాలన్న ప్రతిపాదన మొదట పార్కు పరిధిలోనే తయారైంది. 2021–22లో జరిగిన బహిరంగ చర్చ తర్వాత ప్రభుత్వం స్థలాన్ని మరింత లోతు సముద్రానికి జరిపింది.

ఈ ఏర్పాటుకు ఒక ఇబ్బంది ఉంది. సముద్రాన్ని వాడుకునేవాళ్లే అందులో తీర్పరులు కాబట్టి, తమ మీద తాము కఠినంగా ఉండటం అరుదు. బిస్కే అఖాతంలో డాల్ఫిన్లు వలల్లో చిక్కి చస్తున్నాయన్న గొడవ తేలింది ఇలాంటి మండళ్ల వల్ల కాదు. దేశ అత్యున్నత పాలనా న్యాయస్థానం ఆదేశించాకే, 2024లో జనవరి 22 నుంచి ఫిబ్రవరి 20 దాకా వందల పడవలు రేవు దాటలేదు.

అంతకంటే పెద్ద ఇబ్బంది ఎగువన ఉంది. జిరోండ్ మొగలో దొరికే ఆయిస్టర్లను తినడానికి అమ్మకూడదు. వందల కిలోమీటర్ల ఎగువన, దెకాజ్‌విల్ దగ్గరి జింకు కర్మాగారం వదిలిన కాడ్మియం లోత్ నది మీదుగా గారోన్‌లోకి, అక్కణ్ణుంచి మొగలోకి దిగి బురదలో కూర్చుంది. వేసవిలో మొక్కజొన్న పొలాలకు నీళ్లు మళ్లితే షరాంత్ నుంచి దిగే మంచినీరు తగ్గి, మరెన్ ఆయిస్టర్ రైతులు గోల పెడతారు. పార్కుకు ఎల్ల తీరం దగ్గరే ఆగిపోతుంది. దాని జబ్బులకు చాలావాటికి మూలం మాత్రం ఆ తీరానికి అవతల ఉంది. ఈ చట్టంలో అతి బలహీనమైన గీత ఇదేనని చెప్పాలి.

నది ఎక్కే చేపలు

జిరోండ్‌ను ప్రత్యేకంగా నిలిపేవి సముద్రానికీ నదికీ మధ్య తిరిగే చేపలు. గుడ్లు పెట్టడానికి మొగకు వచ్చే మేగ్ర్ మన కచిడి చేప కుటుంబానిదే. గాలితిత్తిని అదిలించి డోలు మోగినట్టు శబ్దం చేస్తుంది. పడవ అడుగుకు చెవి ఆనించి ఆ చప్పుడు విని వల వేసే అలవాటు ఇక్కడి జాలరులకు ఉండేది. సముద్రం నుంచి నది ఎక్కే అలోజ్ చేప గోదావరి పులసకు దగ్గరి చుట్టం. పులసకున్నట్టే దానికీ రుచిలో గొప్ప పేరుండేది. సంఖ్య కూలిపోవడంతో 2008లో దాని వేట నిషేధించారు.

అన్నిటికంటే విషాదం యూరప్ స్టర్జన్‌ది. ఒకప్పుడు ఖండంలోని పెద్ద నదులెన్నిటిలోనో తిరిగిన ఈ చేప చివరికి ఒక్క జిరోండ్–గారోన్–డోర్డోన్ నీళ్లకే మిగిలింది. 1920ల దాకా దాని గుడ్లను కోళ్లకూ బాతులకూ వేసేవారంటారు. తర్వాత అవే కేవియర్ అయ్యాయి, సెంట్-సొరాఁ-దుజే లాంటి పల్లెలు దానితో బాగుపడ్డాయి, చేప మిగల్లేదు. ఫ్రాన్స్ 1982లో వేట నిషేధించింది. నదిలో సహజంగా గుడ్లు పెట్టినట్టు చివరిగా నమోదైంది 1994లో. 1995లో సహజంగా పెరిగిన చేపల నుంచి, 2007 నుంచి కొలనుల్లో పెంచిన తల్లుల నుంచి పిల్లలను పుట్టించి లక్షల సంఖ్యలో నదుల్లో వదిలారు. ఆడ స్టర్జన్ ఈడుకు రావడానికి పన్నెండు, పదిహేనేళ్లు పడుతుంది. ఇప్పుడు ఆ ప్రాంతపు కేవియర్ చెరువుల్లో పెంచే సైబీరియా స్టర్జన్‌ది. యూరప్ స్టర్జన్ వలలో పడితే జాలరి దాన్ని వెంటనే నీళ్లలోకి వదిలేయాలి.