కోరింత దగ్గు: రోగం, మందు, టీకా చరిత్ర

కోరింత దగ్గు బోర్డెటెల్లా పెర్టుసిస్ అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే అంటువ్యాధి. ఏ వయసువారికైనా సోకుతుంది గాని, ప్రాణం మీదికి తెచ్చేది ఎక్కువగా ఏడాది నిండని పసివాళ్లకే. దగ్గినప్పుడు పడే తుంపర్లే దీనికి దారి. టీకా పడని ఇంట్లో ఒకరికి వస్తే తక్కినవాళ్లు తప్పించుకోవడం అరుదు.

సోకిన వారం పదిరోజులకు ముక్కు కారుతుంది, ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, పొడిదగ్గు మొదలవుతుంది. గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకి చుట్టుపక్కల పల్లెల్లో, మిరపకాయలు కళ్లాల్లో ఎండే రోజుల్లో అలాంటి దగ్గును ఘాటు మీదికి నెట్టేయడం తేలిక. అంటు బలంగా ఉండేదీ, మందు బాగా పనిచేసేదీ ఆ ఒకటి రెండు వారాల్లోనే. ఆ తరవాత దగ్గు తెరలు తెరలుగా వస్తుంది. పిల్లవాడు గుక్క తిప్పుకోలేక మొహం కందిపోయి, చివరికి కూతలాంటి శబ్దంతో గాలి లోపలికి లాగి, తిన్నది కక్కేస్తాడు. నెలల పిల్లల్లో ఆ కూత వినపడకపోవచ్చు. ఊపిరి ఆగి ఒళ్లు నీలం తిరగడమే మొదటి గుర్తు కావచ్చు. అది ఆసుపత్రికి పరుగెత్తాల్సిన సమయం.

ఈ రోగాన్ని స్పష్టంగా వర్ణించిన తొలి వైద్యుడు గియోమ్ ద బయూ. 1578లో పారిస్‌లో పిల్లల్ని పీడించిన దగ్గు గురించి రాశాడు. కారకమేమిటో తేలడానికి మూడు శతాబ్దాలు దాటింది. 1906లో బెల్జియం శాస్త్రవేత్తలు జూల్ బోర్డె, ఆక్టావ్ జెంగూ బంగాళాదుంప, గ్లిజరిన్, రక్తం కలిపిన మాధ్యమం మీద ఈ క్రిమిని పెంచగలిగారు. 1930లలో అమెరికాలోని గ్రాండ్ రాపిడ్స్‌లో పెర్ల్ కెండ్రిక్, గ్రేస్ ఎల్డరింగ్ పని వేళలు ముగిశాక రోగుల ఇళ్లకు వెళ్లి, దగ్గే పిల్లల నోటి ముందు పళ్లెం పట్టి నమూనాలు సేకరించారు. నమ్మదగిన టీకా వాళ్ల చేతుల మీదుగానే వచ్చింది. దాన్ని కంఠసర్పి, ధనుర్వాతం టీకాలతో కలిపితే డీపీటీ అయింది.

మన దేశంలో డీపీటీ 1978లో జాతీయ టీకా కార్యక్రమంలో చేరింది; 1985 నుంచి సార్వత్రిక కార్యక్రమమైంది. 2011 చివర్లో కేరళ, తమిళనాడులతో మొదలైన, డీపీటీని కలుపుకున్న ఐదు రోగాల టీకా, పెంటావలెంట్, తరవాత ఆంధ్రప్రదేశ్‌కూ వచ్చింది. హైదరాబాద్‌లో 1953లో పుట్టిన బయొలాజికల్ ఇ సంస్థ దాన్ని తయారుచేసి విదేశాలకూ పంపుతోంది. 6, 10, 14 వారాలకు పెంటావలెంట్ మూడు డోసులు, ఆ తరవాత 16–24 నెలల మధ్య ఒకటి, అయిదేళ్లు దాటాక మరొకటి డీపీటీ బూస్టర్లుగా వేస్తారు. సూది పడ్డ రాత్రి జ్వరం, తొడ వాపు ఉండొచ్చు. ఆ ఒక్క రాత్రికి జడిసి తరవాతి డోసు మానేసే తల్లులున్నారు. కోతలకు వలస వచ్చే కూలీల పిల్లలకు డోసులు తప్పే కారణం వేరు: సూది రోజున వాళ్లు ఏ ఊళ్లో ఉంటారో తెలియదు.

జపాన్ అనుభవం ఇక్కడ చెప్పుకోవాలి. టీకా వేశాక ఇద్దరు పసిపిల్లలు చనిపోవడంతో 1975లో అక్కడ దాన్ని ఆపారు. తిరిగి మొదలైనా వేయించుకునేవాళ్లు తగ్గిపోయారు. 1979లో 13 వేలకు పైగా కేసులు, 41 మరణాలు. తరవాత, 1981లో, తక్కువ జ్వరం తెచ్చే కొత్తరకం టీకా అక్కడే వచ్చింది. దాని రక్షణ మాత్రం త్వరగా తగ్గుతుంది.

చికిత్స అజిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ వంటి యాంటీబయాటిక్స్. నెల నిండని బిడ్డకు అజిత్రోమైసిన్‌నే ఎంచుకుంటారు. ఎరిత్రోమైసిన్ జీర్ణాశయ ద్వారాన్ని బిగించే ప్రమాదముంది. మందు అంటును ఆపుతుంది గాని, తెరలు మొదలయ్యాక దగ్గును ఆపలేదు. క్రిమి విడిచిన విషం శ్వాసనాళపు నూగును అప్పటికే దెబ్బతీసి ఉంటుంది, అది కోలుకోవడానికి వారాలు పడుతుంది. ఇంట్లో వాళ్లకూ మందు ఇస్తారు. చిన్నబిడ్డలకు ఆసుపత్రిలో ఆక్సిజన్, కఫం తీయడం, ద్రవాలు అవసరమవుతాయి. దగ్గు సిరప్‌ల వల్ల ఒరిగేదేమీ లేదు. వీధిలో అమ్మకానికొచ్చే గాడిదపాలు దగ్గును తగ్గిస్తాయన్న నమ్మకానికి రుజువు లేదు, పచ్చిగా తాగిస్తే వేరే రోగాలు రావచ్చు. ఏడాది లోపు బిడ్డకు తేనె నాకించడమూ ప్రమాదమే.

ఆరు వారాలు నిండేదాకా బిడ్డకు సొంత రక్షణ ఉండదు. చాలా దేశాల్లో గర్భిణికి 27–36 వారాల మధ్య ధనుర్వాతం, కంఠసర్పి, కోరింత దగ్గులకు కలిపి వేసే టీడాప్ టీకా ఇచ్చి తల్లి రక్తం ద్వారా ఆ లోటు పూడుస్తారు. మన ప్రభుత్వ కేంద్రాల్లో గర్భిణులకు వేసే టీడీ టీకాలో ధనుర్వాతం, కంఠసర్పి భాగాలే ఉంటాయి, కోరింత దగ్గు భాగం లేదు. టీడాప్ కావాలంటే ప్రైవేటులో డబ్బు పెట్టి వేయించుకోవాలి.