దూదిపోగు, ఫ్లాపీ, రెండు సున్నలు

లెడ్జరుతో ఉద్యోగంలో చేరి కంప్యూటరుతో రిటైరయిన తరం మనది. ఆ మధ్యకాలం ఎట్లా గడిచిందో మన పిల్లలకు తెలియదు గనుక ఈ నాలుగు ముక్కలు.

బ్యాంకుల్లో యంత్రాలు పెట్టడంపై 1983లో ఇండియన్ బ్యాంక్స్ అసోసియేషనుకూ ఉద్యోగ సంఘాలకూ ఒప్పందం కుదిరింది. మరుసటి ఏడు డాక్టర్ సి. రంగరాజన్ కమిటీ నివేదిక వచ్చింది. ఆయన అధ్యక్షతనే రెండో కమిటీ 1989లో నివేదిక ఇచ్చింది. ఉద్యోగాలు పోతాయని గేటు ముందు నినాదాలిచ్చినవాళ్ళమే మనం. తరువాత ఆ యంత్రానికే తుండుగుడ్డ కప్పి కాపాడుకున్నదీ మనమే.

ఆదోనిలో పత్తి సీజను వచ్చిందంటే గాలిలో దూదే. అది యంత్రం వెనుక ఫ్యానులో చేరి, లోపల వేడెక్కి, లెక్క మధ్యలో నిలిచిపోయేది. అమెరికాలో 1947 సెప్టెంబరు 9న హార్వర్డ్ మార్క్-2 యంత్రం రిలేలో చిమ్మటపురుగు దొరికితే దాన్ని లాగ్‌బుక్కులో అతికించారు. మేము దూది అతికించి ఉంటే పరుపు అయ్యేది! కవరు విప్పి, మెమరీ కార్డు పళ్ళను పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ బిగిస్తే చాలాసార్లు బాగయ్యేది. ఇంజనీరుకు కబురు పెడితే మరునాటికి గాని రాడు.

ఒకసారి ఎమ్మిగనూరు బ్రాంచిలో ప్రింటరు చెడిపోయి, పింఛను జాబితా ఉన్న ఫ్లాపీని బస్సులో మాకు పంపారు. మా యంత్రం చదవలేదు. ఎండకు పాడయిందని వాళ్ళ మీద విసుక్కున్నాం. తిప్పి పంపితే అక్కడ చక్కగా చదివింది! మేము రాసిన ఫ్లాపీ అక్కడ చదవలేదు. చివరికి కంపెనీ వారిచ్చిన అసలు ఫ్లాపీ పెట్టి చూశాం. అక్కడ చదివింది, ఇక్కడ లేదు. అంటే తప్పు మా డ్రైవుదే; దాని హెడ్డు పక్కకు జరిగి, తన రాత తనకే అర్థమయ్యేట్టు రాస్తూ వచ్చింది. ఈలోగా ఒకటో తారీఖు. ఎమ్మిగనూరులో వరుసలో నిలబడ్డ ఒక పెద్దాయన, "ఏమప్పా, మీ మిషనుకు జొరమొచ్చిందంటనే? మా బియ్యానికి రాల్యా?" అన్నాడట. అక్కడి మిత్రులు పాత నెల జాబితా ముందు పెట్టుకొని, చేత్తో రాసి, చీకటిపడేదాకా కూర్చొని అందరికీ చెల్లించారు. ఆ పని ఏ రికార్డులోనూ లేదు.

ఇక 1999 డిసెంబరు 31. సంవత్సరాన్ని రెండంకెల్లోనే దాచిన పాత ప్రోగ్రాములు 99 తరువాత 00ను 1900 అనుకుంటే వడ్డీ లెక్క తలకిందులవుతుంది. 1900 లీపు సంవత్సరం కాదు, 2000 అవును; కాబట్టి ఫిబ్రవరి 29 మరో భయం. ఆ రాత్రి నిల్వలన్నీ ప్రింటు తీసి, పురికొసతో కట్టి పెట్టాం. తెల్లవారి చూస్తే నిల్వలు పైసాతో సహా సరిపోయాయి. ఒక్క జాబితా తలకట్టులో మాత్రం 1900 అని పడింది. ఆ లెక్కన మాలో ఎవరమూ ఇంకా పుట్టనే లేదు. ఎర్రసిరాతో 2000 అని దిద్ది, పక్కన ఇద్దరం సంతకాలు పెట్టాం.