పులుసు: పులుపు తీసేస్తే?

పులికాట్ సరస్సు పేరులో పులీ లేదు, పులుపూ లేదు. తమిళ ‘పళవేర్కాడు’ పరాయి నోళ్లలో నలిగి అలా అయింది. పులుపంతా ఆ సరస్సు ఒడ్డున మట్టిచట్టిలో ఉడికే చేపల పులుసులోనే. పాత తెలుగులో ‘పులి’ అంటే పులుపు; తమిళంలో చింతపండు ‘పుళి’, కన్నడంలో పులుసుకూర ‘హుళి’.

పులుసు పేరులో పులుపున్నట్టే, పేరులోనే సరుకున్న వంటకం ఫిన్లాండ్‌లోనూ ఉంది. అక్కడ ‘కల’ అంటే చేప. రై పిండి ముద్దలో చేపలూ పందికొవ్వూ పొదిగి, గంటల తరబడి కాల్చేది ‘కలకుక్కో’. మాంసం, చేపలు, ఉప్పు తప్ప ఇంకేదీ ముట్టనివాళ్ల కోసం పైరొట్టె తీసేసినా ‘కల’ మిగులుతుంది. మన చట్టిలో పులుపు మానేస్తే పులుసన్న మాటే చెల్లదు. చేపా మాంసమే తినే ఆ మనుషులకు సరిపోయేది ఉప్పుచేప: పేరులో ఉన్నవే ముక్కలోనూ ఉంటాయి.