వేప మోడువారినప్పుడు

2021వ సంవత్సరపు వానలు తగ్గుముఖము పట్టునప్పటికి తెలంగాణలో వేపచెట్లు కొనల నుండి మాడజొచ్చినవి. పల్లెలోని రచ్చబండ వేప మొదలు హైదరాబాదులోని వీధివేప వరకు ఒకటే తీరు. లేతరెమ్మ వాడును, ఆకులు గోధుమరంగుకు తిరిగి, వెంటనే రాలక రెమ్మనే పట్టుకొని వ్రేలాడును. తెగుళ్లకు మందుగా వాడెడి చెట్టుకే తెగులు వచ్చెనని జనులు దిగులుపడిరి. దానిని నరుకవలెనా, ఉంచవలెనా?

తెగులు అప్పటికే తెలిసినది. దానికి కారణమైన బూజును 1997లో సతీశ్, భట్, దేవకి అను శాస్త్రజ్ఞులు వర్ణించి, ఫోమాప్సిస్ అజాడిరక్టే అని పేరు పెట్టిరి. ఇది వానతడిలో వ్యాపించును. జీడిమామిడి రైతులెరిగిన టీ దోమ లేతరెమ్మలలో రసము పీల్చి చేయు గాట్లు దానికి వాకిళ్లగును. (పేరే దోమ, నిజమునకది నల్లిజాతి పురుగు.)

మరి చెట్టు ఏమి చేయును? మన చర్మము తెగినచో ఆ చోటనే కొత్త కణములు పుట్టి గాయము మానును. చెట్టునకు ఆ వీలు లేదు. చెడిన కొయ్య మరల బాగుపడదు. కొయ్యను కుళ్లించునవి శిలీంధ్రములే యని జర్మనీలో రాబర్ట్ హార్టిగ్ 1878లో చూపినాడు. బ్రతికియున్న చెట్టు వాని నెట్లు ఎదిరించునో తేలుటకు మరి నూరేండ్లు పట్టినది. అమెరికా అటవీశాఖలో అలెక్స్ షైగో అను శాస్త్రజ్ఞుడు రంపముతో మానులను నిలువునా చీల్చి, కుళ్లు ఎచట ఆగినదో పరీక్షించినాడు. 1977లో అతడు, హెరాల్డ్ మార్క్స్ కలిసి ప్రకటించిన సిద్ధాంతము ప్రకారము చెట్టు గాయమును మాన్పదు, గోడ కట్టి వేరుచేయును. పైకి క్రిందికి ప్రాకకుండ నీటినాళములు పూడుకొనును; లోనికి, ప్రక్కలకు పోకుండ మరి రెండు అడ్డులుండును. నాలుగవ గోడ గాయమైన పిదప బెరడు క్రింద కొత్తగా ఏర్పడును. అన్నిటిలో అదే గట్టిది.

గోడకు ఇవతల మరొక పని మొదలగును. కొనమొగ్గ నుండి దిగివచ్చు ఆక్సిన్ అను రసాయనము క్రింది మొగ్గలను అణచియుంచును. కొన చచ్చినచో ఆ అణచివేత తొలగును. బెరడు మాటున ఏండ్ల తరబడి నిద్రించిన మొగ్గలు మానును చీల్చుకొని చిగుర్చును. మాడిన వేపలలో పెక్కు వేసవికి మరల పచ్చబడినది ఇట్లే.

అయితే ఈ చిగురుకు పెట్టుబడి వేళ్లలో, కొయ్యలో దాచిన పిండిపదార్థము. తరువాతి వానాకాలములలోను తెగులు మరల కనిపించినది. ఏటేటా నిలువ తరుగును. 1998లో సైబర్ టవర్స్ ప్రారంభమైన పిదప మాదాపూర్, గచ్చిబౌలి వైపు రాతినేల నగరమైనది. అట్టి వీధులలో మొదలుచుట్టు సిమెంటు పరచిన చోట వేళ్లకు నీరు, గాలి చాలవు. అచటి వేపకు నిలువయే తక్కువ. చేనిగట్టు వేప ఓర్చుకొన్న దెబ్బకు అది కూలవచ్చును.

మోడుగా కనబడు వేపను నరుకుటకు ముందు గోటితో చిన్నకొమ్మ బెరడును కొద్దిగా గీరి చూడవలెను. లోపల పచ్చదనమున్నచో ఆ కొమ్మ బ్రతికియున్నది. గోధుమరంగుగా ఎండియున్నచో ఇంకను క్రిందికి వచ్చి, మాను దగ్గర గీరవలెను.