ఆదవాని, అద్వానీ

పాత కన్నడ సినిమాలు చూసేవాళ్లకి ఆదవాని లక్ష్మీదేవి అనే నటి తెలిసే ఉంటుంది. ఇంగ్లీషులో ఆమె పేరు ముందు పడేది, లాల్ కృష్ణ అద్వానీ పేరు చివర ఉండేది ఒకటే స్పెల్లింగ్. నాలాంటి సాఫ్ట్‌వేర్ మనిషి డేటాబేస్‌లో వెతికితే రెండూ ఒకే గుంపులో వస్తాయి. చుట్టరికం మాత్రం లేదు.

కరాచీలో పుట్టిన అద్వానీది సింధీ ఇంటిపేరు. సింధీల్లో చివరి 'ఆనీ' అంటే ఫలానా పూర్వీకుడి సంతతి అని. ఆదవాని మన ఆదోనే. అది ఆ ఊరి పాత పేరు, కన్నడంలో ఇప్పటికీ వాడుతున్నారు. ఒకటి తాత పేరు, ఇంకోటి ఊరి పేరు.

ఊరి పేరు ఇంటిపేరు కావాలంటే ముందు ఊరు వదలాలి. ఆదోనిలో అందరూ ఆదోనివాళ్లే కాబట్టి అక్కడ ఆ మాటతో ఎవర్నీ గుర్తుపట్టలేం. సొంతూళ్లో వేరే గుర్తు కావాలి. ఎమ్మిగనూరులో 1938లో చేనేత సహకార సంఘం పెట్టి, 1954లో పద్మశ్రీ అందుకున్న సోమప్ప ఇంటిపేరు మాచాని. 'మాచ' ఈ సీమలో పాత మనిషి పేరు, పన్నెండో శతాబ్దపు శరణుడు మడివాళ మాచయ్యలో ఉన్నదే. ఆ ఇంటిపేరు వెనక ఒక మాచన్న ఉండే ఉంటాడని నా ఊహ.

ఊరు వదలడానికి ఇక్కడ కారణాలకి కొదవ లేదు. 1800లో నిజాం ఈ సీమని ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చేశాక ఆదోని బళ్లారి జిల్లాలో చేరింది. 1876–78 నాటి ధాత కరవు ఆ జిల్లాని ఊడ్చేసింది. అప్పట్లో బళ్లారికి పోతే పక్క తాలూకాకి పోయినట్టే. 1953 అక్టోబరు 1న ఆదోని ఆంధ్రకి, బళ్లారి మైసూరుకి వెళ్లాక మధ్యలో రాష్ట్రాల సరిహద్దు పడింది. అటుపక్క ఆదవాని అనే ఇంటిపేరు కనబడితే దాన్ని వలస గుర్తుగా చదవాలి.

వలస ఇప్పటికీ ఆగలేదు. ఆదోని, కోసిగి వైపు పల్లెలనుంచి ఏటా గుంటూరు మిరపచేలకీ పత్తిచేలకీ కూలీలు పోతారు. దీన్ని 'సుగ్గికి పోవడం' అంటారు. సుగ్గి అంటే కన్నడంలో కోతల కాలం. పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకుపోయేవాళ్లూ ఉన్నారు.

పూర్వం వలస పోతే కొత్త ఊరివాళ్లు పాత ఊరిని ఇంటిపేరు చేసేవాళ్లు. ఇప్పుడు ఆధార్‌లో ఎక్కిన పేరే ఎక్కడికెళ్లినా ఉంటుంది. సుగ్గికి పోయినవాళ్లు కొన్ని నెలలకి తిరిగొస్తారు కూడా. జనగణన ఎలాగూ ఇంటిపేర్ల లెక్కలివ్వదు. వందేళ్ల తర్వాత ఎవరైనా ఇంటిపేర్లు పట్టుకుని ఈ సీమ వలసలు వెతికితే పాతతరం వాళ్లు దొరకొచ్చు, మన కాలంవాళ్లు దొరకరు. వీళ్ల కోసం ఆ పల్లెల బడుల హాజరుపట్టీలు తిరగెయ్యాలి.